ఇన్‌కొనెల్ 625: పాత బ్యాచ్ పాస్, కొత్త బ్యాచ్ ఫెయిల్

నేపథ్యం

లోహపు పొడిని పొర తర్వాత పొర లేజర్‌తో కరిగించే లేజర్ పౌడర్ బెడ్ పద్ధతిలో, ఇన్‌కొనెల్ 625 అనే నికెల్ మిశ్రమంతో పార్టులు ప్రింట్ చేసే ఒక యూనిట్ కేసు ఇది. ఊరు, కస్టమరు, పార్టు ఎందులో వాడతారన్నది పక్కన పెడుతున్నాను. కింద దళసరి ఫ్లాంజి, దానిమీద పల్చటి గోడల గొట్టం, చివర రెండు సన్నటి చెవులు ఉన్న పార్టు అని ఊహించుకుంటే చాలు. నా పని సిమ్యులేషన్. లేజర్ కింద లోహం ఎలా కరుగుతుంది, ఎంత వేగంగా గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు ఏ మూలకం ఎక్కడ పోగవుతుంది అన్నది కంప్యూటర్ మీద లెక్క తీస్తాను.

మెషిన్ సెట్టింగుల్లో వింతేమీ లేదు. దాదాపు 285 వాట్ల లేజర్, సెకనుకు 960 మిల్లీమీటర్ల వేగం, 40 మైక్రాన్ల పొర. ప్రింటయ్యాక పార్టుల్ని బిల్డ్ ప్లేటుతో సహా ఫర్నేస్‌లో పెట్టి, 870 డిగ్రీల దగ్గర ఒక గంట స్ట్రెస్ రిలీవింగ్ చేస్తారు, అంటే లోపల ఇరుక్కున్న ఒత్తిళ్ళని వేడితో వదిలిస్తారు. తర్వాత వైర్ కటింగ్‌తో ప్లేటు నుంచి విడదీసి మెషినింగ్‌కి పంపుతారు. ఈ 870 డిగ్రీల రెసిపీ యూనిట్ వాళ్ళు సొంతంగా పెట్టుకున్నది కాదు. రోలింగ్, ఫోర్జింగ్ చేసిన 625కి ఎప్పట్నుంచో నడుస్తున్న లెక్క. ప్రింటింగ్ వచ్చాక పరిశ్రమంతా దాన్నే తెచ్చుకుని వాడుకుంది.

సమస్య

కొత్త బ్యాచ్‌కి టెన్సైల్ టెస్టులో, అంటే లాగి చూసే పరీక్షలో, బలం బాగానే వచ్చింది. ఎలాంగేషన్ (తెగేలోపు లోహం ఎంత సాగుతుందన్నది) మాత్రం డ్రాయింగ్ అడిగిన దానికంటే దిగువన ఆగిపోయింది. అంతకుముందు ఇదే పార్టు, ఇదే మెషిన్ మీద, ఇదే పౌడర్ సప్లయర్‌తో చేసిన బ్యాచులు ఏ పేచీ లేకుండా పాసయ్యాయి. సీటీ స్కాన్‌లో రంధ్రాలు లేవు, డెన్సిటీ పాత బ్యాచ్ కంటే మెరుగ్గానే ఉంది. అంటే ప్రింట్ బాగా వచ్చింది, లోహం మాత్రం పెళుసెక్కింది.

కూపన్‌ని (టెస్టు ముక్కని) కోసి, పాలిష్ చేసి, ఎచింగ్ చేసి సెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే సంగతి కొంత బయటపడింది. లోహం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే, మైక్రాన్ కంటే చిన్నవైన సెల్స్ వరసగా ఉన్నాయి, ప్రింట్ చేసిన 625లో అది మామూలే. ఆ సెల్స్ మధ్య గోడల వెంట మాత్రం సన్నటి సూదుల్లాంటివి అడ్డదిడ్డంగా పొడుచుకొచ్చి ఉన్నాయి. కోతలో సూదుల్లా కనిపించినా నిజానికి అవి పలకలు: నికెల్, నయోబియం కలిసి ఏర్పడే డెల్టా ఫేజ్ అనే వేరే స్ఫటికం. ఈ పలకలు పెరిగితే లోహం సాగే గుణం తగ్గుతుందని 625తో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. కాకపోతే రోలింగ్ చేసిన 625లో ఇవి ఇంతగా రావాలంటే పదుల గంటలు, ఒక్కోసారి వందల గంటలు పట్టాలి. ఇక్కడ ఫర్నేస్‌లో ఉన్నది గంట.

ముందు చేసిన ప్రయత్నాలు

"పౌడర్ మార్చేద్దామా సర్?" అన్నది క్వాలిటీ చూసే ఆయన మొదటి మాట. ఎలాంగేషన్ తగ్గితే అనుమానం ముందు పౌడర్ మీదికే పోతుంది, అందులో తప్పులేదు. 625లో నయోబియం, టాంటలం కలిపి 3.15 నుంచి 4.15 శాతం ఉండాలి. సర్టిఫికెట్ చూశాం, లాబ్‌లో మళ్ళీ చేయించాం. నయోబియం పరిధి మధ్యలోనే ఉంది, ఆక్సిజన్ కూడా సరిగానే ఉంది. పౌడర్ మార్చాలంటే ఖర్చు ఒక్కటే కాదు, క్వాలిఫికేషన్ మొత్తం మళ్ళీ మొదటినుంచి చేయాలి. కారణం చేతికందకుండా ఆ పని వద్దన్నాను.

రెండో సంగతి ఈడీఎస్, అంటే సెమ్‌లోనే ఎక్స్-రేలతో ఏ మూలకం ఎంతుందో చూసే పద్ధతి. యూనిట్ వాళ్ళు అప్పటికే సెమ్‌లో సెల్ మధ్యలో ఒక పాయింటు, గోడ మీద ఒక పాయింటు పెట్టి రసాయన విశ్లేషణ తీసి ఉన్నారు. రెండింట్లో నయోబియం దాదాపు ఒక్కటే. "సెగ్రిగేషన్ లేదు" అని, అంటే మూలకం ఒకచోట పోగవలేదని, రిపోర్టులో రాసుకున్నారు. ఇక్కడ కొంచెం ఆగాలి. మామూలుగా వాడే 20 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ కిరణం లోహంలోకి దిగి దాదాపు ఒక మైక్రాన్ మేర ఉన్న పదార్థం నుంచి సంకేతం తెస్తుంది. మన సెల్ మొత్తం కొలతే అర మైక్రాన్ అటూఇటూ. అంటే గోడ మీద గురిపెట్టినా, మధ్యలో గురిపెట్టినా వచ్చేది రెండూ కలిసిన సగటే. ఆ రిపోర్టు చెప్పింది సగటు కూర్పు సరిగ్గా ఉందని, అంతే. గోడ లోపల ఏముందో చూడాలంటే ఇంకా సూక్ష్మంగా చూపే టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి వెళ్ళాలి. పల్చటి నమూనా తయారుచేయడానికే సమయం, డబ్బు చాలా అవుతాయి కాబట్టి, లెక్కలతో ముందు ఒక అంచనాకొచ్చి, తర్వాత ఒకే ఒక్క నమూనా పంపుదామని ఒప్పించాను.

మూడోది ప్రొడక్షన్ వైపు నుంచి వచ్చింది: లేజర్ వేగం పెంచుదాం, ఇంకా త్వరగా గడ్డకడితే సెగ్రిగేషన్ తగ్గుతుంది కదా అని. వినడానికి బాగుంది. అయితే సెల్స్ మధ్య దూరం గడ్డకట్టే వేగానికి నాలుగో మూలం లెక్కన మాత్రమే తగ్గుతుంది. గ్రేడియెంట్ (దూరంతో ఉష్ణోగ్రత పడిపోయే రేటు) అలాగే ఉందనుకుంటే, వేగం రెట్టింపు చేసినా దూరం 16 శాతమే తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, సెల్ చిన్నదైనంత మాత్రాన గోడలో నయోబియం మోతాదు తగ్గదు. ద్రవంలో బాగా కలిసిపోయి, ఘనంలో కదలకుండా ఉండే పరిస్థితిలో మధ్యకీ గోడకీ ఉండే నిష్పత్తికి సెల్ సైజుతో సంబంధం ఉండదు. ఘనం మూలకాన్ని ద్రవంలోకి నెట్టే తీరిక కూడా లేకుండా బంధించేయాలంటే గడ్డకట్టే వేగం చాలా ఎక్కువ కావాలి. అంత దూరం పోకముందే పొరలు ఒకదానికొకటి సరిగా అతకవు. ఒక చిన్న ట్రయల్ ప్లేటు వేసి చూశారు కూడా. గోడలు దగ్గరయ్యాయి, సూదులు ఎప్పటిలాగే వచ్చాయి, అతకని చోట్లు అదనం.

నాలుగోది 870 దగ్గర ఉంచే సమయం తగ్గించడం. పలకలు చిన్నవయ్యాయి కానీ పోలేదు. పైగా దళసరి ఫ్లాంజి వేడెక్కేలోపే గంట కొట్టినట్టయి, ప్లేటు నుంచి కోసినప్పుడు చెవులు పక్కకు విచ్చుకున్నాయి. డెల్టా పోకపోగా, వంకర తోడైంది.

లెక్క ఎలా కట్టాం

మోడల్‌ని మూడు అంచెలుగా పెట్టుకున్నాను: మెల్ట్ పూల్‌లో (లేజర్ కింద కరిగిన లోహపు మడుగులో) వేడి, అక్కడ గడ్డకట్టడం, ఆ తర్వాత ఫర్నేస్. మూడోదాన్ని చేర్చకపోతే ఈ కేసు తేలదని సూదులు చూసినప్పుడే అర్థమైంది. ప్రింటయ్యాక, ఫర్నేస్‌కి ముందు తీసిన కూపన్‌లో సూదులు లేవు మరి.

వేడి లెక్క ఫైనైట్ ఎలిమెంట్‌తో, అంటే పార్టుని చిన్న ముక్కలుగా విడదీసి లెక్కించే పద్ధతితో చేశాం. ఇందులో అందరినీ ఇబ్బంది పెట్టేది లేజర్ శక్తిలో లోహం ఎంత పీల్చుకుంటుందన్నది. ఆ ఒక్క అంకె తిప్పుకుంటూ పోతే ఏ మెల్ట్ పూల్ సైజునైనా సరిపెట్టేయొచ్చు. అందుకే ఒక వేగం దగ్గర లోతు, వెడల్పు చూసి అంకె ఖాయం చేసి, మిగతా వేగాల దగ్గర దాన్ని ముట్టుకోకుండా అంచనా సరిపోతుందో లేదో చూస్తాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018లో ఏఎమ్ బెంచ్ పేరుతో 625 ప్లేటు మీద సింగిల్ ట్రాక్ కొలతలు ఇలాంటి పనికోసమే అందరికీ అందుబాటులో పెట్టింది: నామమాత్రంగా 150 వాట్లకు 400 మిల్లీమీటర్ల వేగం, 195 వాట్లకు 800, 1200. మా కోడ్ ముందు వాటితో నిలబడితేనే యూనిట్ సెట్టింగుల జోలికి వెళ్ళాం.

వచ్చిన చిత్రం ఇది. గడ్డకట్టే అంచు దగ్గర ఉష్ణోగ్రత మైక్రానుకు ఒకటి నుంచి పది డిగ్రీల చొప్పున పడిపోతుంది. చల్లబడే వేగం సెకనుకు 10 లక్షల డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పూల్ అడుగున గ్రేడియెంట్ ఎక్కువ, గడ్డకట్టే వేగం దాదాపు సున్నా. తోక వైపు, పైభాగానికి వచ్చేసరికి గ్రేడియెంట్ తగ్గి వేగం పెరుగుతుంది. ఎందుకంటే అంచు ముందుకు జరిగే వేగం లేజర్ వేగంలో ఆ వాలుకి తగిన భాగమే, దాన్ని మించలేదు.

ఇక గడ్డకట్టడం. పుల్ల ఐసు పీలుస్తుంటే రంగూ తీపీ ముందు వచ్చేసి, చివరికి చేతిలో తెల్లటి మంచు మిగులుతుంది; నీళ్ళు గడ్డకట్టేటప్పుడు పంచదారని తనలో ఉంచుకోకుండా స్ఫటికాల మధ్య సందుల్లోకి నెట్టేయడమే కారణం. 625లో అలా నెట్టివేతకు గురయ్యేవి నయోబియం, కొంతమేర మాలిబ్డినం. నికెల్ ఘనంలో నయోబియం ఉండేది ద్రవంలో ఉన్నదానిలో దాదాపు సగమే, 0.48 వంతు.

ఈ అంకెతో షైల్ లెక్క, అంటే గడ్డకట్టేకొద్దీ ఘనంలో కూర్పు ఎలా మారుతుందో చెప్పే సూత్రం, కాగితం మీదే వేయొచ్చు. మొదలు 4 శాతం నయోబియం ఉంటే, సెల్ మధ్య భాగం 1.9 శాతంతో గడ్డకడుతుంది. 90 శాతం గడ్డకట్టేసరికి అప్పుడే ఘనమవుతున్న పొరలో నయోబియం 6.4 శాతం. 95 శాతం దగ్గర 9 దాటుతుంది. షైల్ లెక్క ఘనంలో అణువులు కదలవనే అనుకుంటుంది, ఇక్కడ అది సరైనదేనా? గడ్డకట్టడం మొత్తం సెకనులో పదివేలవ వంతులో అయిపోతుంది. ఆ కాస్త సమయంలో నయోబియం ఘనంలో జరగగలిగేది కొన్ని నానోమీటర్లు. సెల్ 500 నానోమీటర్లు. కాబట్టి ఆ ఊహ దాదాపు నిజమే.

షైల్‌తో చిక్కు చివర్లో ఉంది. ఆఖరి చుక్క దగ్గరికి వచ్చేసరికి అంకెలు అదుపు తప్పి పెరిగిపోతాయి, ఆ కొసని నమ్మడానికి లేదు. అసలు గోడ మందమెంత, అందులో కూర్పు ఎలా మారుతుంది అన్నది కావాలి, ఎందుకంటే తర్వాత ఫర్నేస్ లెక్క మొదలుపెట్టేది అక్కడినుంచే. అందుకోసం ఘనం, ద్రవం మధ్య అంచు ఎలా పెరుగుతుందో లెక్కించే ఫేజ్ ఫీల్డ్ సిమ్యులేషన్ నడిపాం. 625లోని మూలకాలన్నీ పెట్టి నడపడం మాకు భరించలేని ఖర్చు; నికెల్, నయోబియం రెండే ఉన్న మిశ్రమంగా తీసుకున్నాం. కొన్ని మైక్రాన్ల ముక్క, కొన్ని నానోమీటర్ల మెష్, పూల్‌లో అడుగు, మధ్య, తోక అనే మూడు చోట్ల పరిస్థితులు. వచ్చిన సెల్ దూరాలు సెమ్ ఫొటోలకు దగ్గరగానే ఉన్నాయి. మధ్య భాగం కూర్పు షైల్‌తో కలిసింది. గోడ శిఖరం షైల్ కొస కంటే బాగా దిగింది, కొంత నయోబియం ఘనంలో బందీ అయినందువల్ల. అయినా 6, 7 శాతం ఎటూ పోలేదు. తర్వాత పంపిన టెమ్ నమూనా ఇదే చెప్పింది.

ఈ అంకె చూశాక మాత్రం టెన్షన్ కొంత తగ్గింది. 718 అనే మరో నికెల్ మిశ్రమంలో నయోబియం 4.75 నుంచి 5.5 శాతం ఉంటుంది. దానిలో దాదాపు 860 నుంచి 995 డిగ్రీల మధ్య డెల్టా చకచకా వస్తుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మన పార్టు సర్టిఫికెట్ ప్రకారం 625. సెల్ గోడల్లో మాత్రం నయోబియం విషయంలో అది 718ని కూడా దాటి ఉంది. దాన్ని తీసుకెళ్ళి 870 దగ్గర గంటసేపు పెడుతున్నాం! నిస్ట్ పరిశోధకులు 2018లో ప్రచురించిన పని కూడా ఇదే మాట అంటుంది: ప్రింట్ చేసిన 625లో డెల్టా నిమిషాల్లో మొదలవుతుంది, మూలం స్థానిక కూర్పు 625కి అనుమతించిన పరిధి దాటిపోవడం.

మరి పాత బ్యాచ్ ఎలా పాసైంది?

కస్టమరు అడిగింది ఇదే, న్యాయమైన ప్రశ్న. ప్రింటింగ్ రికార్డులు పక్కపక్కన పెడితే ఏ తేడా లేదు. తేడా ప్రింటింగ్ ఫైల్లో కాదు, బయటికిచ్చిన పనుల బిల్లుల్లో ఉంది. పాత బ్యాచులకు స్ట్రెస్ రిలీవింగ్ తర్వాత హిప్ చేయించేవారు, అంటే 1120 డిగ్రీలకు పైన, 100 మెగాపాస్కల్ ఆర్గాన్ ఒత్తిడిలో కొన్ని గంటలు. హిప్ పని రంధ్రాలు మూయడం అని అందరి లెక్క. ప్రింట్ నాణ్యత బాగుపడి సీటీలో రంధ్రాలు కనిపించడం మానేశాక, ఇంక హిప్ దండగ ఖర్చని కస్టమరుతో మాట్లాడుకునే ఎత్తేశారు. దాచిందేమీ లేదు, అందరికీ తెలుసు. రంధ్రాల కోసం పెట్టిన అంచెకీ ఎలాంగేషన్‌కీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు, అంతే. పాత బ్యాచుల్లోనూ 870 దగ్గర డెల్టా వచ్చే ఉంటుంది. తర్వాత హిప్ వేడికి పలకలు కరిగి, నయోబియం సర్దుకుపోయేది.

స్టోర్‌లో పాత బ్యాచ్ కూపన్ ఒకటి మిగిలి ఉంటే కోసి చూశాం. సెల్ గోడలే కనపడలేదు, సూదుల మాట సరేసరి.

ఏం మార్చాం

మూడు దారులు కనిపించాయి. హిప్ మళ్ళీ పెట్టడం మొదటిది: పని చేస్తుందని తెలుసు, కానీ బయటికి పంపాలి, వరసలో ఆగాలి, ఖర్చు సరేసరి. మూయడానికి రంధ్రాలే లేనప్పుడు ఒత్తిడికి డబ్బు కట్టడం ఎందుకు? మనకు కావాల్సింది వేడి మాత్రమే.

రెండోది 870 తీసేసి, ప్లేటుతోనే నేరుగా 1150కి వెళ్ళడం. లోహశాస్త్రం దృష్టిలో ఇదే అన్నిటికంటే శుభ్రమైనది, కాకపోతే ఇక్కడ బిల్డ్ ప్లేటు మామూలు స్టీలు. 1150 దగ్గర అది వంగితే పైనున్న పార్టుల్ని కూడా లాగుతుంది, ప్లేటు మళ్ళీ వాడుకోవడానికీ పనికిరాదు.

మూడోది రెండు అంచెలు. ప్లేటు మీద 800 డిగ్రీల దగ్గర స్ట్రెస్ రిలీవింగ్, వైర్ కటింగ్, ఆ తర్వాత విడి పార్టులకు వాక్యూమ్ ఫర్నేస్‌లో 1150 దగ్గర గంట. 800 దగ్గర డెల్టా చాలా నెమ్మదిగా, చిన్నగా వస్తుంది. వచ్చిన కాస్తా తర్వాతి అంచెలో కరిగిపోతుంది. నష్టం, ఒత్తిళ్ళు 870 అంత బాగా వదలవు. చెవులు ఎంత విచ్చుకుంటాయో మెకానికల్ మోడల్‌తో చూస్తే మెషినింగ్ కోసం వదిలిన మెటీరియల్‌లోనే సర్దుకుంది. ట్రయల్ పార్టులోనూ అలాగే జరిగింది. ఈ దారే ఎంచుకున్నాం.

1150 దగ్గర ఎంతసేపు ఉంచాలన్నదానికీ మోడలే ఆధారం. ఆ వేడిలో నయోబియం గంటలో పది మైక్రాన్ల దాకా నడుస్తుంది. సెల్ గోడ నుంచి మధ్యకి ఉన్న దూరం పావు మైక్రాన్. అంటే కూర్పు సమం కావడానికి నిమిషాలు కూడా అక్కర్లేదు, పలకలు కరగడానికి ఇంకాస్త. వేడి పోగయ్యే గొట్టం పల్చటి గోడల్లో, చెవుల్లో సెల్స్ కొంచెం పెద్దవిగా ఉన్నా ఈ లెక్క మారదు. ఇంత ధైర్యం ఉన్నప్పుడు గంట ఎందుకంటే, ఫ్లాంజి కోసం. ఫర్నేస్ చార్టు మీద 1150 పడినప్పుడు దళసరి భాగం లోపల ఇంకా వెనకబడే ఉంటుంది. "చార్టులో గంట పూర్తయింది కదా సార్, తీసేయమంటారా?" అని ఆపరేటర్ అడిగాడు. ఫ్లాంజికి కట్టిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) 1150 చేరాకే గంట లెక్క మొదలని ప్రాసెస్ షీట్‌లో రాయించాం. చెవుల్లో రేణువులు మరీ పెద్దవి కాకుండా పైన కూడా ఒక హద్దు పెట్టాం.

ఫలితం చూస్తే డెల్టా లేదు, ఎలాంగేషన్ డ్రాయింగ్ కోరినదానికి హాయిగా పైనే ఉంది. ఈల్డ్ స్ట్రెంగ్త్ (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే బలం) తగ్గింది. తగ్గక తప్పదు, ప్రింటింగ్ ఇచ్చిన సన్నటి సెల్ నిర్మాణం, దాంట్లో ఇరుక్కున్న డిస్‌లొకేషన్లు (స్ఫటికంలోని గీతల్లాంటి లోపాలు) పోయాయి కాబట్టి. డ్రాయింగ్ కనీసానికి ఇంకా పైనే ఉన్నా, కస్టమరు డిజైన్ టీమ్ ప్రింట్ స్థితి బలాన్ని చూసుకుని చెవుల దగ్గర లెక్క బిగించి పెట్టుకుంది. ఆ లెక్క కొత్త అంకెలతో మళ్ళీ చేయించాకే షీట్ మీద సంతకాలయ్యాయి. నన్నడిగితే ఈ కేసులో అందరికంటే చిరాకు పడ్డది వాళ్ళే, పడడంలో న్యాయం కూడా ఉంది.

నాకు మిగిలిన పాఠాలు

ఘనీభవనం సిమ్యులేషన్‌ని మెల్ట్ పూల్ బొమ్మ దగ్గరో, సెల్ సైజు దగ్గరో ఆపేసి రిపోర్టు ఇచ్చేయడం మా రంగంలో మామూలైపోయింది. బొమ్మలు బాగుంటాయి, క్లయింటు సంతోషిస్తాడు. ఇక్కడ మాత్రం ఆ బొమ్మలోని కూర్పుని ఫర్నేస్ లెక్కకి అందించకపోతే ఏ ఉపయోగమూ ఉండేది కాదు. సగటు కూర్పు పెట్టి, ఫేజులు ఎంత వేగంగా వస్తాయో లెక్కించే సాఫ్ట్‌వేర్‌ని అడిగితే 870 దగ్గర గంటకి కంగారేమీ లేదనే అంటుంది, అది అబద్ధమూ కాదు. మనం అడిగిన కూర్పు పార్టులో ఎక్కడా లేదు, అదీ గొడవ.

ఫేజ్ ఫీల్డ్ అన్నిసార్లూ కావాలా అంటే, వద్దనే అంటాను. షైల్ లెక్క 90 శాతం దగ్గర ఇచ్చిన అంకె చాలు, ఏ దిక్కున వెతకాలో చెప్పడానికి. గోడ మందం, శిఖరం ఎత్తు మీద నిర్ణయం ఆధారపడినప్పుడే పెద్ద సిమ్యులేషన్‌కి దిగాలి. ఈడీఎస్ రిపోర్టు చేతికిస్తే ముందు ఎన్ని కిలోవోల్టులని అడుగుతున్నాను. ప్రింటింగ్ రికార్డులతో పాటు బయటి పనుల బిల్లులూ చూపించమంటున్నాను. మొదట్లో కొందరు అనుమానంగా చూస్తారు, పర్లేదు.

ఇదే యూనిట్ ఇప్పుడు 718లోనూ ఒక పార్టు మొదలుపెట్టింది, 625 ప్రాసెస్ షీట్‌నే దానికీ వాడేద్దామని అడిగారు. వద్దన్నాను. 718కి ఏజింగ్ (తక్కువ వేడిలో గంటలకొద్దీ ఉంచడం) ఉంది, బలం వచ్చేది అక్కడే. ఫోర్జింగులకు వాడే 980 దరిదాపుల సొల్యూషన్ ట్రీట్‌మెంట్ ప్రింట్ చేసిన 718లో సెల్ గోడల వెంట డెల్టాని దండిగా దించుతుంది, కాబట్టి అంతకంటే పైకి వెళ్ళక తప్పదు. అలాగని 1150 దాకా పోతే రేణువులు పెరిగి, ఫెటీగ్ (మళ్ళీ మళ్ళీ పడే బరువుకి నిలవడం) అడిగే పార్టులో వేరే తలనొప్పి మొదలవుతుంది. వాళ్ళ కూపన్లు ప్రస్తుతం 1065 దగ్గర ఫర్నేస్‌లో ఉన్నాయి.